కాటా ఎక్కిన జట్టు

దేహాన్ని ఎంత కష్టపెడితే దేవుడు అంత మెచ్చుకుంటాడా? ఇరవై రెండేళ్లుగా మునినారాయణప్ప ఈ సందేహాన్ని ఎవరినీ అడగలేదు. బెంగళూరు పేటలో బియ్యం అంగడి నడుపుతూ, తెల్లవారుజామున పిల్లలకు హాకీ నేర్పిన మనిషి ఆయన. మైదానం చుట్టూ ఇరవై చుట్లు పరిగెత్తాలి, ఆట ముగిసేదాకా నీళ్లు ముట్టకూడదు. అదే ఆయన శిక్షణ.

2004లో ఒక శనివారం పూజ ముగించి అంగడి తీస్తే, మూటలు తూచే కాటా కనబడలేదు.

"నీ కొడుకే గ్రౌండుకు ఎత్తుకపోయినాడు," అంది భార్య జయమ్మ.

కొడుకు గిరీష్ వ్యాయామ శాస్త్రం చదివినవాడు. రెండు నెలల కిందటే తండ్రి నుంచి అమ్మాయిల జట్టును తీసుకున్నాడు. ఆయన మైదానం చేరేసరికి ఒక్కొక్కరినీ కాటా ఎక్కించి బరువు రాసుకుంటున్నాడు.

"ఏందప్పా, పిల్లోళ్లను మూటల మాదిరి తూస్తా ఉండావు? కిలో ఎంత?"

"ఆటకు ముందొకసారి, తర్వాతొకసారి తూస్తా నాయనా. తగ్గిన బరువంతా చెమటగా పోయిన నీళ్లే. ఆ నీళ్లు తాగించకపోతే చివర్లో కాళ్లు లేవవు."

"తాతా, నీ కాటా నన్ను రెండు కిలోలు ఎక్కువ చూపిస్తా ఉండాది. అంగడికి వచ్చేవాళ్లకూ ఇంతేనా?" అంది గిరీష్ కూతురు శ్వేత. జట్టంతా నవ్వింది.

మునినారాయణప్ప నవ్వలేదు. "రేపు ఫైనలు. ఇరవై చుట్లు కొట్టించు."

"ఈ పొద్దు ఆడింది చాలు, ఇంక విశ్రాంతి. రేపు ఓడితే జట్టు నీకే ఇచ్చేస్తా." గిరీష్ తండ్రివైపు తిరిగాడు. "నాకు పదహారేండ్లప్పుడు మోకాలు వాచిందంటే, అందరి ముందర చేతగానోడంటివి. అదే కాలితో పరిగెత్తిస్తివి. ఆ పొద్దుతో నా ఆట ముగిసె. శ్వేతకు అట్ల కానియ్యను."

మునినారాయణప్ప అంగడికి తిరిగి వెళ్లిపోయాడు.

ఆదివారం ఫైనల్లో గిరీష్ శ్వేతను ఎనిమిది నిమిషాలు ఆడించి, రెండు నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి మళ్లీ పంపుతున్నాడు.

"బాగా ఆడేదాన్ని తీసేస్తారా ఎవరన్నా!" మునినారాయణప్ప పళ్లు కొరికాడు.

చెరొక గోలు. ఇంక అయిదు నిమిషాలే ఉంది. అవతలి జట్టు పిల్లలు నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. అప్పుడు మునినారాయణప్పకు తట్టింది. తన పాత జట్లన్నీ ఆట చివర్లో ఇట్లాగే నిలబడిపోయేవి. అదంతా గ్రహచారమనుకున్నాడు ఇన్నాళ్లూ.

శ్వేత లేడిలా దూసుకుపోయింది. ఇద్దరిని దాటింది. గోల్! మునినారాయణప్ప తన వయసు మరిచి గెంతాడు.

విజిల్ మోగింది. అమ్మాయిలు గిరీష్‌ను భుజాల మీదికి ఎత్తబోయి, మోయలేక పకపకా నవ్వారు. తల్లిదండ్రులూ, గిరీష్‌తో ఒకప్పుడు ఆడినవాళ్లూ చుట్టూ చేరారు.

వాళ్ల మధ్యకు వచ్చి మునినారాయణప్ప గొంతెత్తాడు. "అందరూ వినండప్పా. మీ ముందరే ఒకనాడు నా కొడుకును చేతగానోడంటి. తప్పు. వాడు నొప్పని చెప్తే వినేది నాకు చేతకాలేదు."

గిరీష్ తండ్రి చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ ఒక్క మాటకు ఇరవై రెండేండ్లు పట్టెనా!" అంటూ జయమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.