నీలమ్మ షెడ్డులో కుంపటి

ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో పొద్దెక్కినా చలి వదల్లేదు. పెరట్లోని రేకుల షెడ్డులో నీలమ్మ ఉలి పట్టుకుందామంటే వేళ్లు మాట వినడం లేదు. అతికించిన చెక్కల మధ్య జిగురు కూడా ఆరలేదు.

ఆమె వడ్రంగి బిడ్డ. చిన్నప్పుడు ఉలి ముట్టుకుంటే ఆడపిల్లకెందుకని తండ్రి లాక్కునేవాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరయ్యాక, పాత స్కూటరు పెట్టుకునే షెడ్డు ఖాళీ చేయించి టేకు ముక్కలతో ఏనుగులు, కోళ్లు చెక్కడం మొదలుపెట్టింది. అమ్మడానికి కాదు, తన సంతోషానికి.

"అమ్మా, హీటర్ తెచ్చిన!" కొడుకు ప్రేమ్‌రాజ్ అట్టపెట్టె పట్టుకుని హుషారుగా వచ్చాడు. ప్లగ్గు పెట్టగానే తీగ ఎర్రగా మండింది. దాని వెనకున్న ఫ్యాను గాలికి నేల మీది రంపపు పొట్టు లేచింది. కాలిన వాసన రాగానే నీలమ్మ స్విచ్చు ఆపేసింది.

"గీ పొట్టు అంటుకుంటే షెడ్డంత కాలిపోతది! తీగ బయటికి కనబడని ఆయిల్ హీటర్ తెమ్మని చెప్పిన గదా?"

"అది మస్తు బరువమ్మా, కరెంటు గూడ ఎక్కువ గుంజుతది. గిది మంచిగనే ఉంది."

"కూసునేది నేను. నన్నొక్క మాట అడిగినవా?"

"తెచ్చినా తప్పేనా?" ప్రేమ్‌రాజ్ పెట్టెను కాలితో తన్నాడు.

రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఆమె భర్త దుర్గయ్య అరుగు మీంచే అరిచాడు. "పొద్దుగాల్నే ఏం లొల్లిరా? బొగ్గుల కుంపటి పెట్టుకుంటే అయిపాయె!"

"తలుపు మూసిన అర్రల బొగ్గులు పెడితే మనిషి మళ్ల లేవడు. మా వార్డుకు గట్ల వచ్చినోళ్లను చూసిన."

"నువ్వేమన్న డాక్టర్‌వా? ఊడ్చి తుడిచినదానివి!"

నీలమ్మ అరుగు దాకా నడిచి వచ్చి అతని ఎదుట నిలబడింది.

"అవును, తుడిచింది నేనే. ఆ పీనుగుల మొఖాలు తుడిచింది గూడ నేనే. నువ్వు తుడిచినవా?"

దుర్గయ్య తువ్వాలు దులిపి లోపలికి వెళ్లిపోయాడు. కానీ కొడుకు ముందు మాట పడ్డానన్న కసి అతన్ని వదల్లేదు.

మర్నాడు ఆమె కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది. షెడ్డు తలుపు సందులోంచి బొగ్గుల వాసన వస్తోంది. తోసి చూస్తే లోపల గడియ పెట్టి ఉంది.

"ఏమయ్యా! తలుపు తియ్!"

జవాబు లేదు. ఆమె సంచీ పారేసి, గోడ పక్కన పడున్న గడ్డపార అందుకుని తలుపు సందులో దూర్చి బలమంతా పెట్టి పెకలించింది. గడియ ఊడింది. కుంపటి నిండా బొగ్గులు కణకణలాడుతున్నాయి. స్టూలు పక్కన దుర్గయ్య వాలిపోయి ఉన్నాడు.

ఊపిరి బిగబట్టి, చంకల కింద చేతులేసి అతన్ని పెరట్లోకి ఈడ్చింది.

"ప్రేమ్! ఆటో పిలువురా!" కేక పెట్టి, అతని చెంపలు వాయించింది. "లే! నా మాట అబద్ధమని చూపిస్తవా? నీ పట్టుదల మండిపోను! లే అంటున్న!" తిడుతూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు అతని మొహం మీద పడుతూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. ప్రేమ్‌రాజ్ తల్లి పక్కన బెంచీ మీద కూలబడ్డాడు.

"ఆయిల్ హీటరే తెస్తనమ్మా. యాడ పెట్టాల్నో నువ్వే చెప్పు."

"దానికి వేరే వైరు గుంజించు. పొట్టుకు దూరంగ, తలుపు కాడ పెట్టు. గోడకు ఒక కిటికీ గూడ కొట్టించు" అందామె, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

సాయంత్రానికి దుర్గయ్య కళ్లు తెరిచి మాస్కు పక్కకు జరిపాడు.

"తప్పైందే నీలా. రిటైరైనంక ఇద్దరం కూసొని ముచ్చట పెట్టుకుందామనుకున్న. నువ్వేమో ఆ తలుపు ఏసుకుంటివి. పొద్దంత నాతోని మాట్లాడేటోళ్లే లేకపాయె. ఆ షెడ్డు పేరెత్తితేనే మండుతది నాకు."

నీలమ్మ నివ్వెరపోయింది. ఇన్నాళ్లూ తన బొమ్మలంటే అతనికి చులకన అనుకుంది. ఆ కేకల వెనక ఉన్నది ఒంటరితనమని ఎప్పుడూ తోచలేదు.

"గా ముక్క చెప్పనీకి నోరు లేకుండెనా? లోపలికి రావొద్దని ఎవరన్నరు నిన్ను?"

"నువ్వు పిలువకపోతివి."

ఆమెకు మళ్లీ కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకు చెప్పేటియి మస్తున్నయి. ఇంటికి పోయినంక లొల్లి పెట్టుకుందాం" అంటూ మాస్కును జాగ్రత్తగా అతని ముక్కు మీదికి సర్దింది. "ఇప్పుడైతే ఊపిరి తీసుకో."