ఊఁ కొట్టిన మెట్టు

"ఎవరప్పా ఈ మెట్టు బాగుచేసినోడు?"

లండన్, వియన్నా, టోక్యోల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టే పియానిస్టు సారా, ఆరేళ్ల తర్వాత రాయదుర్గం చర్చిలో పాత పియానో ముందు కూర్చుని ఒక మీట నొక్కి అడిగిన మొదటి మాట ఇది. ఇంకో గంటలో అక్కడే, ఊరివాళ్ల కోసం ఆమె కచేరీ.

వీరేష్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. జీన్స్ కుట్టే మిషన్లకు మెకానిక్కు అతను. నెల రోజులు తంటాలు పడి, కుట్టుమిషన్ స్ప్రింగు వేసి, ఏళ్లుగా పలకని ఆ మూగ మెట్టును పలికించాడు. మెచ్చుకుంటుందని ఆశపడ్డాడు పాపం.

"నేనే. ఏం, సరిగ్గా పలకల్యా?"

"పలుకుతాండాది. అదే నా బాధ."

చిన్నప్పుడు సారా ప్రాక్టీసు చేస్తుంటే ఇతను కిటికీ బయట నిలబడేవాడు. లోపలికి రమ్మంటే సిగ్గు. మూగ మెట్టు వంతు వచ్చినప్పుడల్లా శ్రుతి తప్పకుండా "ఊఁ" అనేవాడు. కథకు ఊఁ కొట్టేవాళ్లను చూశా గానీ పాటకు ఊఁ కొట్టేవాణ్ణి వీణ్ణే చూశానని సారా నాయన రామాంజి నవ్వేవాడు.

"ఇప్పటికీ ఏ ఊర్లో వాయించినా ఆ మెట్టు కాడికొస్తే నా పెదాలు ఊఁ అంటాయి. పేపరోళ్లు అది నా స్టైలని రాస్తాండారు. మెకానిక్కు నేర్పిన స్టైలని వాళ్లకేం తెలుసు?" అంది సారా.

వీరేష్ తల వంచుకున్నాడు. "పెద్ద పియానోలకు మూగ మెట్లుండవు కదా. ఇంక నాతో ఏం పని నీకు?"

"ఉండాది. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగేకి వచ్చినా. సగం ఏడాది నేను ఊర్లు తిరుగుతా, సగం ఈడే ఉంటా. నీ మిషన్లు నువ్వు ఇడిసిపెట్టే పన్లేదు. కచేరీ అయ్యేలోగా చెప్పు."

అతను జనం వస్తుంటే బయటికి జారుకున్నాడు.

కచేరీ మధ్యలో చినుకులు మొదలయ్యాయి. రెండేళ్ల తర్వాత వచ్చిన వానను చూడాలో, సారాను చూడాలో జనానికి తేలలేదు.

పాట ఆ మెట్టు దగ్గరికి వచ్చింది. సారా వేలు ఎత్తింది. నొక్కలేదు. అలాగే ఆగిపోయింది. మెట్టు మళ్లీ చెడిందేమోనని ముందు వరసలో గుసగుసలు. ఆమె చూపు మాత్రం కిటికీ వైపే ఉంది.

కిటికీ అవతల నుంచి, "ఊఁ."

గొంతు ముదిరింది గానీ శ్రుతి అదే. సారా కళ్లు తుడుచుకుని నవ్వుతూ పాట అందుకుంది.

రామాంజి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కూతురు పొద్దున్నే ఆయనకు అంతా చెప్పేసింది మరి.

"ఏమప్పా వీరేష్, ఇన్నేండ్లు బయట నిలబడింది సాల్లే. తడుస్తాండావు, లోపలికి రా."