రెండో స్టీరింగ్

ఉదయం పది నలభైకి ఇంజనీర్ టెస్మార్ చనిపోయాడు.

1931 ఫిబ్రవరి. ఉత్తర జర్మనీలో ఓ బీడు మైదానం. ఎనిమిది చక్రాల ఉక్కు కవచం బండి వెనక్కి దూసుకొచ్చి, అతన్ని షెడ్డు గోడకి అదిమేసింది. శత్రువు జాడ కనిపెట్టి రావడానికి సైన్యం చాటుగా చేయిస్తున్న బండి అది. యుద్ధంలో ఓడిన జర్మనీ అలాంటివి చెయ్యకూడదని ఒప్పందం.

పదకొండున్నరకి ఇన్‌స్పెక్టర్ కెస్ట్‌నర్ వచ్చాడు. డ్రైవర్ బ్రోక్‌హోఫ్‌ని అప్పటికే ఓ గదిలో పెట్టి తాళం వేశారు.

"బండిలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు సార్. చలికి మొరాయిస్తుందని ఇంజన్ ఆపకుండా కాఫీకెళ్లా."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"టెస్మార్‌తో గొడవుందా?"

"ఆయనతో గొడవ లేనివాడెవడు సార్ ఇక్కడ? నిన్ననే నన్ను గాడిదన్నాడు. నేనూ ఊరుకోలేదు."

కెస్ట్‌నర్ మంచులో చక్రాల జాడ కొలిచాడు. అరవై మీటర్లు. తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంది. గోడ దగ్గర మాత్రం ఎడమకి తిరిగింది.

టెస్మార్ బూటు గుర్తులూ అటే తిరిగాయి.

ఒంటిగంటకి ముగ్గుర్ని షెడ్డులో కూర్చోబెట్టాడు. బ్రోక్‌హోఫ్. పరీక్షలు చూసే సైన్యాధికారి కెప్టెన్ రూడ్‌లోఫ్. ముసలి ఫిట్టర్ హార్మ్‌సెన్. పోయిన వేసవిలో బండిని నీళ్లలో నడిపి చూసే పరీక్షలో అది మునిగి, నడుపుతున్న అతని కొడుకు పోయాడు.

"ముందు సీట్లోంచి వెనక ఏమీ కనపడదు," అన్నాడు కెస్ట్‌నర్. "మరి పారిపోయే మనిషి వెంట బండి ఎలా తిరిగింది? నడిపినవాడు అతన్ని చూస్తూనే నడిపాడు. వెనక సీట్లోంచి."

కెప్టెన్ తల అడ్డంగా ఊపాడు. "శత్రువు ఎదురైతే తిరక్కుండానే పారిపోవడానికి వెనక రెండో స్టీరింగ్ పెట్టాం, నిజమే. కానీ ఇంకా కలపలేదు. రిజిస్టర్ చూడండి."

"బండే చూశాను. తిప్పితే చక్రాలు తిరిగాయి. అది పనిచేస్తోందని తెలిసినవాడు ఒక్కడే. కలిపినవాడు."

హార్మ్‌సెన్ లేచాడు.

"తొమ్మిదింటికి కలిపా. తలుపు రబ్బరులోంచి నీళ్లు కారతాయని నీటి పరీక్ష రోజు టెస్మార్‌కి మూడుసార్లు చెప్పా. నవ్వాడు. మావాడు మునిగాక, డ్రైవర్ తెలివితక్కువతనం అని రిపోర్టు రాశాడు. ఆర్నెల్లు ఆ టెస్మార్ పక్కనే పనిచేశా. రోజూ గుడ్ మార్నింగ్ చెప్పా. ఇవాళ వెనక కిటికీ రెక్క తెరిచే ఉంచా. నా మొహం వాడు చూడాలని. చూశాడు."

బేడీలకి రెండు చేతులూ చాచాడు.

"కోర్టులో ఇదంతా చెబుతా. పేపర్లో రావాలి."

కెప్టెన్ నవ్వాడు. "ఏ కోర్టయ్యా? సర్కారు కాగితాల్లో ఈ బండే లేదు. లేని బండిలో నీ కొడుకెలా చస్తాడు? ఇన్‌స్పెక్టర్ గారూ, ట్రాక్టర్ ప్రమాదమని రాసెయ్యండి. ఇతను ఇంటికి పోతాడు."

హార్మ్‌సెన్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "నేను పోను. ఉరి తియ్యండి. కానీ మావాడి మీద రిపోర్టులో ఆ మాట ఉంచకండి."

కెస్ట్‌నర్ నోట్‌బుక్ తెరిచాడు.

"మీవాడి పూర్తి పేరు?"

"డెట్‌లెఫ్ యోస్ట్ హార్మ్‌సెన్. ఇరవై రెండేళ్లు."

"మీ ఉద్యోగం పోతుంది," అన్నాడు కెప్టెన్.

కెస్ట్‌నర్ తలెత్తలేదు. "మెల్లిగా చెప్పండి, హార్మ్‌సెన్ గారూ. నా రాత నిదానం."

వాంగ్మూలం నాలుగు పేజీలైంది. ప్రతి పేజీ కిందా ముసలాయన సంతకం పెట్టాడు.