ఎక్స్ఛేంజి గదిలో గంట

రామకుప్పం దాటి అడివి వైపు తిరిగే రోడ్డు మీద, నల్లగుట్టపల్లెకు కాస్త ఇవతల, ఒక పాత టెలిఫోను ఎక్స్ఛేంజి గది ఉంది. చీకటి పడ్డాక దాని ముందు బస్సు ఆపమంటే ఏ డ్రైవరూ ఆపడు. కావాలంటే ఊళ్ళో దిగి వెనక్కి నడవమంటాడు. ఆటోవాళ్ళయితే పాట సౌండు పెంచి మరీ ఆ మలుపు దాటేస్తారు.

ఎందుకంటే — ఆ గదిలో ఫోను మోగుతుంది.

లోపలి మిషన్లు ఎప్పుడో ఎత్తుకుపోయారు. బ్యాటరీలూ పోయాయి. తలుపుకు తాళం కూడా లేదు. అయినా, కరెంటు పోయిన రాత్రి గంట వినిపిస్తుంది... కాసేపు మోగి ఆగుతుంది... మళ్ళీ మొదలవుతుంది. పాలు పోసే నల్లప్ప ఒకసారి విని, సైకిలూ పాల క్యానూ అక్కడే వదిలేసి ఊళ్ళోకి వచ్చి పడ్డాడు. దెయ్యాలూ లేవు గియ్యాలూ లేవని పిల్లలకు పాఠం చెప్పే రామమూర్తి మాస్టరు కూడా, ఆ గంట విన్నాక చుట్టుదారి పట్టాడు. పాఠం మాత్రం మానలేదు లెండి.

ఆ ఫోను చేసేది ఎవరో ఊరందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరూ గట్టిగా అనరు.

రాజమ్మ.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ఆ ఫోను ఎత్తినవాడు ఒక్కడే — టెలిఫోను లైన్‌మన్ రెడ్డెప్ప.

రాజమ్మా, ఆమె మొగుడు గంగులయ్యా ఊరికి దూరంగా, అడివి అంచున, రాగి చేలోనే ఇల్లు కట్టుకున్నారు. ఏనుగులు దిగితే మొదట తొక్కేది వాళ్ళ చేనే. ఆ మూలకు సెల్ సిగ్నల్ అందదు. అందుకే ఎక్స్ఛేంజి ఉన్న రోజుల్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏనుగుల అలికిడి వినగానే రాజమ్మ ఎక్స్ఛేంజికి ఫోను చేసేది. రాత్రిపూట అక్కడ ఉండేది రెడ్డెప్పే.

"దిగినాయి రెడ్డెప్పా," అనేది గుసగుసగా.

"వాకిలేసుకో రాజక్కా, ఊరొస్తాది," అనేవాడు.

అంతే. ఇంటింటికీ ఫోను చేసి అందరినీ లేపేవాడు. డప్పులు, టపాకాయలు, దివిటీలు పట్టుకుని జనం పరిగెత్తేవాళ్ళు. ఒక్కోసారి ఏనుగుల కంటే వీళ్ళ గోలే ఎక్కువగా ఉండేది. పొద్దున్నే రాజమ్మ రాగిముద్దా, చెనక్కాయల ఊరిబిండి పచ్చడీ పంపేది. ఊళ్ళో కరెంటు ఉన్నా లేకున్నా ఆ ఫోను పలికేది. దానికి కావలసిన కాస్త కరెంటూ ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి తీగలోనే వచ్చేది మరి.

తర్వాత ఒక ఏడు, ఫోను కంపెనీ అంతా మార్చేసింది. ఇక మాటలన్నీ ఇంటర్నెట్టు దారిన పోతాయన్నారు. మదనపల్లెలో పెద్ద మిషను ఒక్కటి ఉంటే ఈ చిన్న ఎక్స్ఛేంజిలు అక్కర్లేదన్నారు. ఉదయ్ కిరణ్ అని కుర్ర ఇంజనీరు వచ్చి కొత్త కేబులు లాగించాడు. పాత తీగలు విప్పే ఓపిక ఎవరికీ లేక స్తంభాల మీదే వదిలేశారు. ఇంటింటికీ ఫోను పక్కన ఒక చిన్న తెల్ల పెట్టె వచ్చింది. వాటిని బిగించింది రెడ్డెప్పే.

రాజమ్మ ఆ పెట్టె వైపు అనుమానంగా చూసింది.

"దీన్ని ప్లగ్గులో పెడతాండావే... కరెంటు పోతే పలుకుతాదా?"

"ఫోనుకూ కరెంటుకూ ఏం సంబంధమక్కా? పోయినా పలుకుతాది. నేను చెప్తాండా గదా."

అబద్ధం చెప్పాలని చెప్పలేదు పాపం. పని నేర్చిన నాటి నుంచీ కరెంటు లేని ఇళ్ళల్లో కూడా ఫోను మోగడమే చూసినవాడు. ప్లగ్గు ఆ పెట్టె మీది పచ్చలైటు కోసం అనుకున్నాడు. ఉదయ్ కిరణ్‌ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగాలని తోచలేదు.

ఆ ఏడు రాగి కంకి పట్టే రోజుల్లో, కరెంటు లేని రాత్రి ఏనుగులు దిగాయి. గంగులయ్య కుప్పం పోయి ఉన్నాడు. తెల్లవారి వచ్చేసరికి చేను లేదు, ఒక పక్క గోడ లేదు. గోడ కింద రాజమ్మ ఉంది... చేతిలో రిసీవరు అట్లాగే ఉంది.

ఆ రాత్రి ఊరంతా హాయిగా నిద్రపోయింది. ఎవరికీ ఫోను రాలేదు మరి.

గంగులయ్య ఊరితో మాట మానేశాడు. ఉప్పు కావాలన్నా అడ్డదారిన రామకుప్పమే పోతాడు. రెడ్డెప్పకు అన్నం సయించలేదు. ఆ గదిలో గంట మోగుతోందని జనం చెప్పుకుంటే తలవంచుకుని లేచిపోయేవాడు. తనూ ఒక రాత్రి దూరం నుంచి విన్నాడు. విని, చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత ఆ రోడ్డే తొక్కలేదు.

మళ్ళీ రాగి కంకి పట్టింది. వానకు చుట్టుదారిలో కల్వర్టు తెగింది. కుప్పం నుంచి మోపెడు మీద వస్తున్న రెడ్డెప్ప గత్యంతరం లేక ఎక్స్ఛేంజి రోడ్డు పట్టాడు. దూరంగా ఊళ్ళో లైట్లు మినుకుమని, ఒక్కసారిగా ఆరిపోయాయి.

మోపెడు సరిగ్గా ఆ గది ముందే ఆగిపోయింది.

కిక్కు కొట్టాడు. కదల్లేదు. ఇంకోసారి కొట్టాడు...

లోపల గంట మోగింది.

మోపెడు వదిలేసి పరిగెత్తాలనే అనుకున్నాడు. నాలుగడుగులు పరిగెత్తాడు కూడా. గంట ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆ మోతలో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

అప్పుడు అతనికి ఏడుపొచ్చింది. ఈమె పిలిచేది ఇంకెవరిని? పలుకుతాదని మాటిచ్చింది తనే గదా! చంపితే చంపనీ... ఒక్కసారి పలికి, తప్పయిపోయిందని చెప్పుకుంటే చాలు.

తలుపు తోశాడు. గబ్బిలాల కంపు. చీకట్లో చేత్తో గోడ తడుముకుంటూ పోయాడు. ఎవరికీ అక్కర్లేక వదిలేసిన పాత నల్ల ఫోను వేళ్ళకు తగిలింది. మోగుతూ... వణుకుతూ ఉంది.

ఎత్తాడు.

గరగర... దాని వెనక ఎవరో ఊపిరి తీస్తున్నారు. తర్వాత, గుసగుసగా —

"దిగినాయప్పా..."

చెప్పుకోవాలనుకున్న క్షమాపణ మరిచేపోయాడు. అలవాటైన మాటే నోటికొచ్చింది.

"వాకిలేసుకో రాజక్కా... ఊరొస్తాది!"

రిసీవరు వదిలేసి పరిగెత్తాడు. ఫోను చేసి లేపడానికి ఇప్పుడు ఎక్స్ఛేంజి లేదు. ఇంటింటి తలుపూ బాదాడు. "ఏనుగులు! గంగులయ్య చేలో ఏనుగులు!" ఎవరు చెప్పారని అడిగితే, "రాజక్క చెప్పింది" అన్నాడు. ఆ మాటతో జనం బయటికొచ్చారు. డప్పులు తీశారు.

నిజంగానే దిగాయి. గంగులయ్య వాకిట్లోనే ఉన్నాయి. ఊరంతా కలిసి కేకలేసి, టపాకాయలు కాల్చి, చాలాసేపటికి వాటిని అడివిలోకి తోలారు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. గంగులయ్య బయటికి వచ్చాడు. రామమూర్తి మాస్టరు టార్చి వెలుగు అతన్ని దాటి లోపలికి పడింది. బల్ల మీద పిడి తిప్పే పాతకాలపు ఫోను ఒకటి ఉంది. పక్కన ట్రాక్టరు బ్యాటరీ. అక్కడి నుంచి స్తంభం మీది పాత తీగ దాకా వైరు.

రెడ్డెప్పకు గుర్తొచ్చింది. ఎక్స్ఛేంజి మూసిన రోజు, కడసారిగా రాజమ్మ లైనును ఆ గోడ ఫోనుకు కలిపి చూశాడు. విప్పడం మరిచిపోయాడు.

"బావా... మాట్లాడింది నువ్వా?"

"వాకిట్లో ఉండాయి గదప్పా. గట్టిగా ఎట్లా మాట్లాడేది?" గంగులయ్య బల్ల మీది ఫోను వైపు చెయ్యి చూపించాడు. "ఆ తెల్ల పెట్టెను నమ్మబుద్ధి కాలేదు. పుంగనూరు పాత సామాన్ల అంగట్లో ఇది దొరికింది. పిడి తిప్పితే అవతల మోగుతాదన్నాడు. ఆ రోడ్డున పోయేవాళ్ళు ఎవరన్నా ఎత్తుతారేమోనని, కరెంటు పోయినప్పుడల్లా తిప్పి సూస్తాండా. ఒకరూ పలకరు. తీగ యాడో తెగినట్లుండాదిలే అనుకున్నా..."

ఆగి, రెడ్డెప్ప మొహంలోకి చూశాడు.

"ఈ పొద్దు పలికినావు. రాజక్కా అని పిలిచినావు. ఆమెనే అనుకుంటివా?" అంతలోనే అతని మొహం మారిపోయింది. "అయితే... తీగ తెగలేదా? ఇన్ని దినాలూ ఆడ మోగుతానే ఉండిందా?"

నల్లప్ప చేతిలోని డప్పు దించుకున్నాడు. మాస్టరు టార్చి ఆర్పేశాడు. ఆ చీకట్లో ఎవరూ ఎవరి వైపూ చూడలేదు.

రెడ్డెప్పే చెప్పాడు.

"మోగింది బావా. మేమంతా ఇన్నాము."