నూటొకటో తలుపు

వచ్చినాయన కూర్చోలేదు. ముందు కిటికీ మూశాడు, తర్వాత తలుపు గడియ పెట్టాడు, అప్పుడు గానీ నోరు విప్పలేదు.

"శుక్రవారం పొద్దున పదింటికి నన్ను చంపేస్తారు," అన్నాడు.

ఆ రోజు బుధవారం. లాయరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. కోర్టు మానేసి డిటెక్టివ్ పని మొదలుపెట్టి పదేళ్ళయినా ఊరందరికీ ఆమె ఇంకా లాయరమ్మే. ఆమె సహాయకుడు అదే కోర్టులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన పెద్దమనిషి. ఆమె ఆవలించినా అందులో ఏదో మర్మం ఉంటుందని నమ్మే రకం. అప్పటికే నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాడు.

వచ్చినాయన వీడియో గేములు తయారుచేసే స్టూడియోకి చైర్మన్. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళు చేసిన మొదటి ఆట 'నూరు తలుపులు'. పసుపు టోపీ పోస్ట్‌మ్యాన్ ఊరంతా తిరిగి నూరు తలుపులు తట్టి నూరు ఉత్తరాలు అందించాలి. స్టూడియో దాంతోనే నిలబడింది. ఇప్పుడు దాన్నే కొత్తగా ముస్తాబు చేసి, స్టూడియో చరిత్రతో కలిపి శుక్రవారం పదింటికి విడుదల చేస్తున్నారు. అయితే సోమవారం ఆ ఆటలో నూటొకటో తలుపు ఒకటి బయటపడింది.

"లోపల నా గదే ఉందండీ! నా బల్ల, నా కుర్చీ, అన్నీ. గోడ మీద 'నీ ఉత్తరం శుక్రవారం పదింటికి అందుతుంది' అని రాసుంది. ఎవరు పెట్టారో తేలేదాకా దాన్ని ముట్టుకోవద్దన్నాను."

"మీమీద అంత కసి ఎవరికుంది?"

"ఎవరికీ లేదు. అందరూ నన్ను దేవుడిలా చూస్తారు."

గుమాస్తా ఆ మాట కింద గీత గీశాడు.

మర్నాడు ఇద్దరూ స్టూడియోకి వెళ్ళారు. వరండా గోడ పొడుగునా స్టూడియో చరిత్ర ఫొటోలుగా వేలాడుతోంది. మొదటి ఫొటోలో కుర్రతనపు చైర్మన్ పాత కంప్యూటర్ ముందు నవ్వుతున్నాడు. 'ఒక్కరే కూర్చుని ప్రతి అక్షరం రాశారు' అని కింద పెద్దక్షరాలు. ఆయన భుజం మీద మాత్రం ఇంకెవరిదో చెయ్యి ఉంది. చెయ్యిగల మనిషిని కత్తిరించేశారు.

"ఈ చెయ్యెవరిది?" అంది లాయరమ్మ.

"పాత స్నేహితుడిది. ఏదో కాస్త సాయం చేసేవాడు. మధ్యలోనే వెళ్ళిపోయాడు, తర్వాత పోయాడని విన్నాను," అని చైర్మన్ గబగబా ముందుకు నడిచాడు.

ఆటలో ఏది చేర్చాలన్నా, తీయాలన్నా పాస్‌వర్డ్ కావాలి. అది చైర్మన్ కాక మరో ముగ్గురి దగ్గరే ఉంది.

"కసి ఎందుకుండదు?" అన్నాడు ప్రోగ్రామర్. "పన్నెండేళ్ళుగా నేను రాసిన ఆటలన్నిటి మీదా ఆయన పేరే. కానీ నాకు ఒళ్ళు మండితే రాజీనామా మొహాన కొట్టి పోతాను. తలుపులు కట్టుకుంటూ కూర్చోను."

బొమ్మలేసే ఆర్టిస్టు మరీ చిరాగ్గా ఉంది. "ఆ కుర్చీ బొమ్మ నాదే, పోయినేడు వేరే ఆటకి వేశాను. ఎవరో ఎత్తుకెళ్ళి అక్కడ పెట్టారు. నేనే చేసుంటే కుర్చీలో ఆయన్ని కూడా వేసేదాన్ని, బట్టతలతో సహా!"

మూడో మనిషి టెస్టర్. యాభై దాటిన ఆవిడ. ఆటల్లో తప్పులు పట్టడం ఆవిడ పని కాబట్టి ఆఫీసంతా తప్పులక్క అంటారు. ఆవిడే తెర మీద పోస్ట్‌మ్యాన్‌ని గోడ దగ్గరికి తెచ్చి, వెనక్కి తిప్పి, వీపుతో గోడ వైపు నడిపించింది. పోస్ట్‌మ్యాన్ గోడలోకి దూరిపోయి చైర్మన్ గదిలో తేలాడు.

"ఇది మీకెలా దొరికిందక్కా?"

"ప్రతి గోడనీ నాలుగు వైపులా గుద్దడమే నా ఉద్యోగం అమ్మా."

కంప్యూటర్ అంచున ఆవిడ సోమవారం అంటించిన పసుపు చీటీ ఉంది: 'నం. 4 మళ్ళీ వచ్చింది. వెనక్కి నడిస్తే గోడలోకి పోతున్నాడు.' పక్క అలమరలో తప్పుల పుస్తకాలు వరసగా ఉన్నాయి. మొదటి రోజు నుంచీ దొరికిన ప్రతి తప్పుకీ ఒక నంబరు. అదే తప్పు మళ్ళీ వస్తే పాత నంబరే వెయ్యాలి, కొత్తది వెయ్యకూడదు. అది ఆ ఆఫీసు కట్టుబాటు.

లాయరమ్మ మొదట ఉన్న పుస్తకం తీసింది. అట్ట మీద 'రెండు' అనుంది. లోపల 613తో మొదలైంది.

"ఒకటోది ఏది?"

"నేనొచ్చి ఏడేళ్ళే. అప్పటికే లేదు. దాని మొహం కూడా చూళ్ళేదు," అంది తప్పులక్క.

"ఆట విడుదలకి ముందే పోయింది లెండి," అన్నాడు చైర్మన్.

శుక్రవారం తొమ్మిదిన్నరకి కింద హాలు విలేకరులతో నిండిపోయింది. పై గదిలో లాయరమ్మ ఆ నలుగురినీ కూర్చోబెట్టింది.

"చైర్మన్‌గారూ, మిమ్మల్నెవరూ చంపరు. ముందు ఆ భయం వదిలేయండి," అంటూ పసుపు చీటీ బల్ల మీద పెట్టింది. "తలుపు కొత్తదే. వెనక్కి నడిస్తే గోడలోకి పోవడం మాత్రం పాత తప్పు, నాలుగో నంబరు. ఒకటి నుంచి 612 దాకా ఉన్న పుస్తకం విడుదలకి ముందే మాయమైంది. ప్రోగ్రామర్‌గారు వచ్చిందే పన్నెండేళ్ళ కిందట. మరి దాని మొహమే చూడనివాళ్ళకి నాలుగో తప్పేమిటో ఎలా తెలిసింది? అబద్ధం ఆడగలిగారు గానీ, పాత తప్పుకి కొత్త నంబరు వెయ్యడానికి మాత్రం మీకు చెయ్యి రాలేదు, తప్పులక్కా."

గుమాస్తా పెన్ను ఆగిపోయింది. "ఎంత బాగా పట్టేశావమ్మా!" అన్నాడు, పొంగిపోతూ.

"బాబాయ్, ఆగండి. ఆ పుస్తకం మీకెక్కడిదక్కా?"

తప్పులక్క తడబడలేదు. సంచిలోంచి అట్ట చిరిగిన పుస్తకం తీసింది.

"మా తమ్ముడిది. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. మూడేళ్ళు నిద్రాహారాలు మాని ఆ ఆట రాశాడు. విడుదలకి వారం ముందు వాడు ఆస్పత్రిలో ఉంటే ఈయన వాడి పేరు తీసేశాడు. నా ఆట అక్కా, నా ఆట అంటూనే పోయాడు." చైర్మన్ వైపు తిరిగింది. "వాడి శవాన్ని చూడ్డానికి ఒక్కసారి మా ఇంటికొచ్చుంటే, ఏడేళ్ళ కిందట ఉద్యోగానికొచ్చినప్పుడు నన్ను గుర్తుపట్టేవాడివి. కనీసం సోమవారం అయినా, ఆ తలుపు చూసి వాడు గుర్తొస్తాడనుకున్నాను. నీకు నీ ప్రాణమే గుర్తొచ్చింది."

"పదింటికి ఏమవుతుంది?" అన్నాడు చైర్మన్.

"ఆ గది గోడల మీద ఈ పుస్తకం పేజీలన్నీ తెరుచుకుంటాయి. ఆరువందల పన్నెండు తప్పులు. ప్రతిదాని పక్కనా 'సరిచేశాను' అని వాడి సంతకం, 'చూశాను' అని నీ సంతకం. చూడ్డం తప్ప నువ్వేం చేశావో లోకం కూడా చూస్తుంది."

"తీసెయ్! విడుదల ఆపు!" చైర్మన్ ప్రోగ్రామర్ మీద అరిచాడు. గడియారంలో పదికి పది నిమిషాలుంది.

ప్రోగ్రామర్ కీబోర్డుని మెల్లగా ఆయన ముందుకి జరిపాడు. "మీ దగ్గరా పాస్‌వర్డ్ ఉందిగా సార్. ప్రతి అక్షరం మీరే రాశారుగా. మీరే తీసెయ్యండి."

చైర్మన్ ఆర్టిస్టు వైపు చూశాడు. ఆవిడ కిటికీ వైపు చూసింది. లాయరమ్మ వైపు చూశాడు.

"ఎవరో కనిపెట్టమన్నారు, కనిపెట్టాను. ఆటలు నాకు రావండి," అందామె.

ఆయన కీబోర్డు ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. తెర నిండా అక్షరాలు వచ్చాయి. ఇరవై ఏళ్ళుగా తనవేనని చెప్పుకున్న అక్షరాలు. వాటిలో ఒక్క వరుస కూడా ఆయనకి అర్థం కాలేదు. వేళ్ళు ఒక మీట మీద నుంచి ఇంకో మీట మీదికి పోయి ఊరుకున్నాయి. అందరూ చూస్తూ కూర్చున్నారు.

పది కొట్టింది. కింద హాల్లో కబుర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

తప్పులక్క పసుపు చీటీ తీసుకుని నాలుగో నంబరు కింద 'సరిచేసింది: మా తమ్ముడు' అని రాసింది. తర్వాత దాన్ని చైర్మన్ ముందుకి జరిపి, పెన్ను అందించింది.

"చూశానని సంతకం పెట్టు," అంది.