ఊ కొట్టే బంగ్లా

గట్టుకు పోయే తోవల తెల్లదొరలు ఇడిచిపోయిన బంగ్లా ఒకటుండె. పొద్దుమూకినంక దాని ముంగట ఎవరూ మాట్లాడకపోతుండ్రి. మాట్లాడితే... లోపటికెళ్లి ఎవరో "ఊ" కొడతరని పేరు. ఆ ఇంట్ల ఆయాగ చేసిన జములమ్మ, దొరసాని పిల్లలు ఓడెక్కి పోయినంక, ఆ అరుగు మీదనే పానం ఇడిసిందట. కథంటే చెవి కోసుకునే మనిషి.

మా నాయనకు గీ భయాలు లేవు. పెద్ద లడాయి నడుస్తున్న ఏండ్లల్ల ఆయన పాదిరి కావాలని పట్నంల దైవశాస్త్రం డిగ్రీ చదువుతుండె. ఊర్ల భీమయ్య, కాలేజీల బర్నబా. దయ్యాలు లేవన్న సంగతి అంత ఖర్చుపెట్టి నేర్చుకొని వచ్చిండు.

"మరి సువార్తల ప్రభువు ఎల్లగొట్టినవి ఏందిరా?" అని మా నాయనమ్మ రంగమ్మ అడిగింది.

"నీకు తెల్వదు, ఊకోయే అమ్మా."

సదువుకున్న కొడుకు చెప్పిండు గద, ఊకుంది.

ఒక ఆదివారం మా ఊరి ఏసు గుడిల, మిషను దొర ముంగట ఆయనకు పరీక్ష ప్రసంగం. అప్పటికే రెండుమాట్లు తప్పిండు. రెండోమాటు దొరే కునుకు తీసిండు. ఈసారి గూడ తప్పితే చదువు బంద్... మళ్ల మా తాత గొర్ల ఎంబడే. ఇంట్ల ప్రసంగం మొదలుపెడితే పిల్లి గూడ లేసిపోతుండె. అందుకని శనివారం మునిమాపుల గ్రీకు పుస్తకం చంకల పెట్టుకొని బంగ్లాకు పోయిండు.

అరుగు మీద నిలబడి గొంతు సవరించుకున్నడు.

"ప్రియ సహోదరులారా, మూలభాషయందు ఈ పదమునకు ఏడు అర్థములు కలవు..."

ఏ చప్పుడు లేదు. దయ్యానికి గూడ ఓపికుండాలె గద.

ఏడు అర్థాలు అయిపోయినయి. నోరెండింది. చిన్నప్పుడు అమ్మ చెప్పినట్టు ఊరికెనే మొదలుపెట్టిండు. "ఒక కురుమాయనకు నూరు గొర్లుండె..."

"ఊ..."

ఎంట్రుకలు నిక్కబొడుచుకున్నయి. మాట ఆగింది.

"ఊ...?"

ఆపితే బయటికొస్తదేమో — అని చెప్పుకుంట పోయిండు. ఒకటి తప్పిపాయె. ఊ. ముండ్లల్ల చిక్కె. ఊ. ధైర్యం తెచ్చుకొని నడుమ ఒక గ్రీకు మాట ఏసిండు... లోపట అంతా గప్‌చుప్. ఏదో కదిలినట్టయింది. గబగబ మళ్ల గొర్రెకాడికే వచ్చిండు. దొరికె, భుజాన ఏసుకొని ఇంటికొచ్చె. అయిపాయె.

చీకట్ల, చెవికాడ అన్నట్టు... "మళ్ల?"

పుస్తకం ఏడ పడ్డదో, చెప్పు ఏడ పోయిందో. బర్నబా భీమయ్యయి ఉరికిండు.

తెల్లారి గుడిల గ్రీకు నోటికి రాలే. గొర్రె కథే చెప్పిండు. ముసలోళ్లు కండ్లు తుడుచుకున్నరు. దొర మేలుకొనే ఉండి, ఇది ఆత్మ నడిపింపు అని పాస్ చేసిండు. ఏ ఆత్మనో అడగలే.

బువ్వకాడ మా నాయనమ్మ పుస్తకం తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది.

"ఇది... ఏడ దొరికిందే?"

"ఆడనే. ఒక్కనివే పోతుంటివని ఎంబడి వచ్చి ఎనుక కిటికీ కింద కూసున్న. ఊ కొట్టింది నేనే రా."

మా నాయనకు పోయిన చదువంతా తిరిగొచ్చింది. "దయ్యాలు లేవని చెప్పలే? గని, ఆఖర్ల గట్ల 'మళ్ల?' అని అడుగుతవా? పానం పోయినంత పనాయె."

ఆమె తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించింది.

"గొర్రె కథ నాకెరికే గద బిడ్డా... మళ్ల అని నేనెందుకడుగుత? నీ పుస్తకం దొరకవట్టుకొని నేను గూడ నీ ఎంకనే ఉరికిన."