ముందు చెయ్యి తీసినవాడు

అయినా అది చెయ్యి పట్టుకోవడం కాదేమో. లెక్క చెప్పడం మాత్రమేనేమో. ఆ అమ్మాయి అతని మూడు వేళ్ళు పట్టుకుంది, వదిలింది. తర్వాత అయిదూ పట్టుకుంది. అంతే కదా జరిగింది. అంతమాత్రానికి నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నది తనే. లాక్కుంటే ఏమని అర్థమో తెలిసి కూడా.

టెక్కలి హైవే పక్కన టీకొట్టు పరదా కింద నిలబడి సాల్మన్ రాజు తన కుడిచేతిని చూసుకున్నాడు. మూడు రోజులుగా ముసురు. రోడ్డుకి అవతల కార్ల షోరూము అద్దాల మీద నీళ్ళు జారుతున్నాయి. లోపలి వెలుగులో నీలంరంగు యూనిఫారం ఒకటి బల్లకీ అల్మరాకీ మధ్య తిరుగుతోంది. కెజియా. అక్కడ కార్లు అమ్మే అమ్మాయి. నాలుగు శనివారాలుగా అతనికి ఒకే కారు చూపిస్తున్న అమ్మాయి.

"రెండో టీ కూడా సల్లారిపోయింది బాబూ," అంది టీకొట్టు అమ్ములు. "ఆ కొట్లోకి ఎల్తావా, ఈ కొట్లోనే కాపరముంటావా?"

"ఎల్తానమ్మా. వాన తగ్గనీ."

"వాన నీకోసం తగ్గాలా? గొడుగు నీ సేతిలోనే ఉంది కదేటి."

గొడుగు నిజంగానే చేతిలో ఉంది. అతనికి గుర్తులేదు.

మనుషులంటే అతనికి భయం లేదు. ధరని నోటితో పైకి చెప్పడమంటేనే భయం. పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ సూపర్‌వైజరు అతను. గుప్పెడు పప్పు అరచేతిలో పోస్తే ఏ రకమో కళ్ళు మూసుకుని చెప్తాడు. ఎంతకిస్తారని అడిగితే మాత్రం గుమస్తా వైపు చూస్తాడు.

ఆ భయం ఎక్కడ మొదలైందో అతనికి తెలుసు. తొమ్మిదేళ్ళ వయసు, నారాయణవలస పశువుల సంత. నాన్న సామ్యేలు అక్కడ దళారి. ఆ బేరంలో ధర ఎవరూ పైకి చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. చుట్టూ ఇరవైమంది మూగినా బేరం ఎక్కడ నడుస్తోందో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. ఇష్టం లేనివాడు ముందు చెయ్యి తీసేస్తాడు. తీశాడంటే వద్దన్నట్టే.

ఆ రోజు నాన్న సొంత గిత్తల్ని అమ్ముతున్నాడు. తువ్వాలు కింద బేరం ఎంతకీ తెగలేదు. ఎండ, ఆకలి. "నాన్నా, పదకొండు వేలకైనా ఇచ్చేత్తానన్నావు కదా, ఇచ్చీ," అన్నాడు తను, అందరికీ వినబడేలా. కొనేవాడు నవ్వి పదకొండు వేలే లెక్కపెట్టాడు. నాన్న కొట్టలేదు, తిట్టలేదు. ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరైనా ధర అడిగితే సాల్మన్ రాజు గొంతులోకి ఇప్పటికీ ఆ మౌనమే వచ్చి కూర్చుంటుంది.

కానీ ఈ బేరం తప్పదు. అమ్మ నయోమిని వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్తున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ప్రతి గుంతకీ ఆమె పళ్ళు బిగించడం చూడలేక కారు అనుకున్నాడు. బ్యాంకు అప్పూ దాచుకున్నదీ కలిపితే ఏడు లక్షల ముప్ఫై వేలు. షోరూము ఇచ్చిన కాగితంలో ఏడు లక్షల అరవై నాలుగు వేలు.

మొదటి శనివారం ఆమె ఎదురొచ్చి అడిగింది. "ఏ కారు చూస్తారు సార్?"

"తెల్లది."

"తెల్లవి నాలుగున్నాయి సార్."

"చిన్నది."

"భయపడకండి సార్, కరవదు. కావాలంటే హారన్ కొట్టి చూడండి."

అతను నిజంగానే కొట్టాడు. షోరూమంతా తిరిగి చూసింది. ఆమె ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసమే రెండో శనివారం వచ్చాడు. మూడో శనివారం అద్దాల గదిలోంచి మేనేజరు తిరుపతిరావు గొంతు వినిపించింది. "ఆ పలాస ఆయన మెతక. యాక్సెసరీస్ ఎక్కించమ్మా." "అలాగే సార్," అంది ఆమె. బయటికొచ్చి, అతన్ని చూసి, మళ్ళీ అలాగే నవ్వింది.

అప్పటినుంచి ఆ నవ్వంటే కూడా భయం మొదలైంది. అది తనకోసమా, జీతంలో భాగమా? బేరమాడితే తెలిసిపోతుంది. అందుకే ఆడలేదు. ముప్ఫై నాలుగు వేలు ఎక్కువైనా సరే, ఆ ఒక్క సంగతి తెలియకుండా ఉంటే చాలనుకున్నాడు. అలా అనుకున్నందుకు తిరిగి వెళ్తూ ఆటోలో అమ్మ ముఖం గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

ఇక పోయిన శనివారం. మాటల్లో నాన్న సంత దళారి అని చెప్పాడు. ఆమె రాయడం ఆపింది.

"నారాయణవలస సంతేనా? మాది నిమ్మాడ. మా తాత ఎడ్ల బేరాల్లో తిరిగినోడే." గొంతు ఒక్కసారిగా ఊరి గొంతు అయింది. "అయితే మీకు తెలిసే ఉంటాది."

ఏమిటి తెలిసేది అని అడిగేలోగా కారు బొమ్మల పుస్తకం తెరిచి అతని చేతి మీద బోర్లించింది. మేనేజరు గది తలుపు తెరిచే ఉంది. ఆమె కళ్ళు కంప్యూటరు మీదే ఉన్నాయి. పుస్తకం కింద ఆమె చెయ్యి అతని మూడు వేళ్ళు పట్టుకుంది. తర్వాత అయిదు.

అతను లాగేసుకున్నాడు.

ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. పుస్తకం మూసింది. "సరే సార్. ఆలోచించుకుని రండి. నెలాఖరులోగా ఇంకో బండి అమ్మకపోతే నన్ను గాజువాక బ్రాంచికి పంపేస్తారు. ఆ తర్వాత వస్తే ఇంకెవరో ఉంటారు."

అది కూడా అమ్మకపు మాటేనేమో. ఈవేళే నెలాఖరు.

మూడూ అయిదూ అంటే ముప్ఫై అయిదు వేలని ఇంటికెళ్ళే దారిలో, పలాస గేటు దగ్గర రైలు కోసం ఆగినప్పుడు వెలిగింది. అంత తగ్గుతుందని ఆమె చెప్పింది. రెండు రోజులాగి నాన్నని అడిగాడు. సామ్యేలు గట్టు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు.

"నాన్నా, ముందు సెయ్యి తీసినోడు మళ్ళీ బేరానికి ఎల్లొచ్చా?"

"ఎవుడ్రా ఆ బేరగాడు?"

"బేరగాడు కాదు."

"మరేటి?"

"కార్లమ్మే అమ్మాయి."

తాడు ఆగింది. "ఏటి సెప్పింది?"

"ముప్పయ్యైదు తగ్గుద్దని."

"ఎంత తగ్గుద్దో అమ్మినోలే సెప్తారేట్రా? నలబయ్యేళ్ళు తిరిగినాను, నాకొక్కడూ సెప్పలేదు." ముసలాయన కొడుకు ముఖంలోకి చూసి మీసంలో నవ్వాడు. "ఎల్లొచ్చు. గానీ, ముందు సెయ్యి తీసినోడే తువ్వాలు ఎయ్యాల. అది పద్ధతి."

ఆ ధైర్యంతోనే అడిగేశాడు. "ఆ గిత్తలప్పుడు నామీద అంత కోపమొచ్చిందా?"

"ఏ గిత్తలు?" చాలాసేపటికి గుర్తొచ్చింది. "అవా. నీమీద కోపమేటిరా. ఆటిని ఒగ్గీసి వత్తంటే నాకు మాట రాలేదు."

ఇరవై ఏళ్ళు. తెలిశాక భయం పోవాలి కదా. పోలేదు. కారణం పోయినా అది ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెవాడిలా లోపలే ఉండిపోయింది. ఈ ఉదయం బయల్దేరుతుంటే నాన్న తన ఎర్రంచు తువ్వాలు సంచిలో కుక్కాడు. "వానకి తల తుడుసుకో," అన్నాడు, తల తుడుచుకోవడం గురించి కానట్టుగా.

"టీ డబ్బులు," అంది అమ్ములు. "ఇచ్చీసి ఎల్లు. ఆ పిల్ల నిన్ను అద్దంలోంచి సూసి పావుగంటయ్యింది."

అతను రోడ్డు దాటాడు. గొడుగు వెయ్యకుండానే.

"రండి సార్," అంది కెజియా. కుర్చీ చూపించింది. నవ్వలేదు.

మొదట అంతా అయిపోయిందనుకున్నాడు. కూర్చున్నాక మెల్లగా ఇంకో ఆలోచన వచ్చింది. జీతంలో భాగమైతే ఈవేళ కూడా నవ్వాలి కదా.

"ఆ కాగితం మళ్ళీ చూద్దామండీ," అన్నాడు.

నెలాఖరు కదా, బేరం వాసన తగిలి తిరుపతిరావు గదిలోంచి వచ్చేశాడు. బల్ల అంచు మీద కూర్చున్నాడు. "ఏం సార్, ఈవేళైనా తీసుకెళ్తారా? వైటు ఒక్కటే మిగిలింది."

ముప్ఫై అయిదు అనే మాట అనకూడదు. అంటే ఆమె చెప్పిందని తెలిసిపోతుంది. సంతలోలా మళ్ళీ నోరు జారితే ఈసారి పోయేది గిత్తలు కాదు, ఆమె ఉద్యోగం. వారమంతా మధ్యాహ్నం భోజనాల వేళ ఫ్యాక్టరీలో ఆ కాగితం ముందు పెట్టుకుని, గుండ్లలోంచి, అంటే విరగని నిండు పప్పులోంచి, ముక్కలు ఏరినట్టు ఏరాడు. పదకొండు వరసల్లో మూడు వరసల కింద తను గీసిన పెన్సిలు గీత ఉంది. ఆ గీతల మీదే వేలు పెట్టాడు.

"హ్యాండ్లింగ్ ఛార్జీలు తొమ్మిది వేల అయిదొందలు. ఇది ఇవ్వనండి."

అన్నాడు. ధర పైకి అన్నాడు. కప్పు కూలలేదు.

"అది అందరికీ ఉంటుంది సార్. కంపెనీ నుంచి బండి రావద్దా?"

"బండి ఇక్కడికి రాకుండా మీరు ఎలా అమ్ముతారండీ? అది మీ ఖర్చే కదా." వేలు కిందికి జరిగింది. "యాక్సెసరీస్ పద్నాలుగు వేలు. సీటు కవర్లూ అవీ వద్దు. మా అమ్మ దుప్పటి పరుచుకునే కూర్చుంటుంది, కవరున్నా సరే."

కెజియా కీబోర్డు వైపు తల వంచుకుంది. భుజాలు కొంచెం కదిలాయి.

"ఇన్సూరెన్సు. ఇదే పాలసీ బయట పదకొండు వేల అయిదొందలు తక్కువకి ఇస్తున్నారు. కాగితం తెచ్చాను."

తిరుపతిరావు ఆ కాగితం చూశాడు. పెన్సిలు గీతలు చూశాడు. తర్వాత నెమ్మదిగా కెజియాని చూశాడు. "ఎవరు చెప్పారు సార్ మీకివన్నీ?"

ఆమె వేళ్ళు కీల మీద ఆగిపోయాయి.

"జీడిపప్పు గ్రేడింగ్ చేస్తానండీ," అన్నాడు సాల్మన్ రాజు. "గుండ్లలో ముక్కలు కలిపి గుండ్ల ధర చెప్తే నా కంటికి కనబడిపోతుంది. ఒకరు చెప్పక్కర్లేదు."

తిరుపతిరావు కాగితాన్ని వేలితో కొడుతూ కూర్చున్నాడు. ఏసీ చప్పుడు, అద్దం మీద వాన. ఆ మౌనం అతనికి బాగా తెలిసిన మౌనం. లోపల తొమ్మిదేళ్ళ పిల్లవాడు లేచి నిలబడ్డాడు. పోనీ ఒకటి ఒప్పుకుంటాలే, పోనీ సగం ఇస్తాలే అనడానికి నోరు తెరుస్తున్నాడు. సాల్మన్ రాజు దవడలు బిగించాడు.

"నెలాఖరు కాబట్టి," అన్నాడు తిరుపతిరావు చివరికి. "కెజియా, ఆ మూడూ తీసెయ్. ఏడు ఇరవై తొమ్మిదికి కొట్టు." లేస్తూ అతని భుజం తట్టాడు. "మెతకనుకున్నాను సార్ మిమ్మల్ని." గదిలోకి వెళ్ళి ఈసారి తలుపు వేసుకున్నాడు.

ప్రింటరు కదిలింది. ఆమె దాని వైపే చూస్తూ అడిగింది. "మూడు వరసలూ ఎలా పట్టేరు?"

"ముప్పయ్యైదు ఆ మూడింటికే వస్తుంది."

"అంటే ఆవేళ నే సెప్పింది అర్థమయ్యింది."

"తర్వాత అయింది."

"సెయ్యి తీసీడం మాత్రం ముందే అయిపోయింది." కాగితాలు సర్ది పిన్ను కొట్టింది, అవసరమైన దానికన్నా గట్టిగా. "మా తాత సెప్పేవోడు, సెయ్యి తీసినోడి ఎనక పడకూడదని. వారం రోజులు ఈ సెయ్యి ఎందుకిచ్చేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను."

"భయమేసింది."

"ధరకా?"

"కాదు."

ఆమె తల ఎత్తింది. అతను ఇంకేదో చెప్తాడని చూసింది. చెప్పాలనే ఉంది. కానీ మాటలన్నీ హ్యాండ్లింగ్ ఛార్జీలకే ఖర్చయిపోయినట్టున్నాయి.

"గాజువాక?" అని మాత్రం అడగగలిగాడు.

"ఇంక పంపరు." సంతకం చెయ్యాల్సిన చోట గుర్తు పెట్టి కాగితం అతని వైపు తోసింది. "బండి మంగళవారం ఇచ్చేత్తాం. ఆ తర్వాత మీరు ఇటు రానక్కర్లేదు. సర్వీసు కూడా పలాసలోనే అయిపోద్ది." ఆ మాట అంటూ పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది. "శనివారాలు మీకు కాళీయే ఇంక."

అతను సంతకం చేశాడు. పెన్ను పక్కన పెట్టాడు. లేచి వెళ్ళిపోవచ్చు. ఫ్యాక్టరీ, అమ్మ, మంగళవారం, కారు. అన్నీ వరసగా ఉన్నాయి, ఆమె తప్ప. కాళ్ళు లేవడానికి సిద్ధంగానే ఉన్నాయి. శనివారాల గురించి ఆమె అన్నది అసలు అమ్మకపు మాట కాకపోతే? అయితే? రెండూ ఒకేలా భయపెట్టాయి.

వంగి సంచి తెరిచాడు. నాన్న ఎర్రంచు తువ్వాలు తీసి బల్ల మీద పరిచాడు. కొటేషనూ, పిన్నుల మిషనూ, పెన్నుల డబ్బా అన్నీ దాని కిందికి పోయాయి. కెజియా చేతిలో మూత ఆగింది.

సాల్మన్ రాజు తువ్వాలు కిందికి కుడిచెయ్యి చాపి, అరచెయ్యి పైకి తిప్పి ఉంచాడు. అతను చెయ్యి తియ్యలేదు.